చనిపోయాక చేసే వైరస్ టెస్టు: స్వాబ్ ఎలా తీయాలి, రిపోర్టును ఎంత నమ్మాలి

"స్వాబ్ నెగటివ్ వచ్చింది, కానీ కోసి చూస్తే ఊపిరితిత్తులు కాలేయంలా గట్టిగా, బరువుగా ఉన్నాయి, ఇప్పుడేం రాయాలి?" ఈ ప్రశ్న నన్ను అడగని నెల లేదు. దాని తోబుట్టువు ఇంకొకటి ఉంది: "మనిషి మెట్ల మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలి పోయాడు, స్వాబ్ మాత్రం పాజిటివ్, ఇది వైరస్ మరణం కిందకే వస్తుందా?" ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పీ చెప్పీ అలిసిపోయి, కరోనా, ఫ్లూ లాంటి శ్వాసకోశ వైరస్‌ల విషయంలో నమూనా తీయడం నుంచి రిపోర్టు చదవడం దాకా అంతా ఒకేచోట రాసేస్తున్నాను.

ఇది ముఖ్యంగా మార్చురీలో కొత్తగా పనిచేస్తున్న డాక్టర్లకు, టెక్నీషియన్లకు, ఆ ట్యూబులు అందుకునే ల్యాబ్ వాళ్లకు. ఇంట్లో మనిషిని పోగొట్టుకుని రిపోర్టు చేతిలో పట్టుకుని ఇక్కడికి వచ్చినవాళ్లు మధ్యదంతా వదిలేసి నేరుగా 8వ మెట్టు దగ్గరకు వెళ్లండి.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఆర్‌టీ-పీసీఆర్ వెతికేది బతికున్న వైరస్‌ను కాదు, దాని జన్యు పదార్థమైన ఆర్‌ఎన్‌ఏ ముక్కను. శరీరంలోని కణాలు చనిపోయాక వైరస్ కొత్తగా పెరగలేదు, ఉన్నదే మెల్లమెల్లగా చెడిపోతూ వస్తుంది. చల్లగా ఉంచిన శరీరంలో కరోనా వైరస్ ఆర్‌ఎన్‌ఏ రోజుల తరబడి, కొన్ని కేసుల్లో వారాల తరబడి కూడా దొరికింది. కాబట్టి నెగటివ్ రాగానే "ఆలస్యమైంది, అందుకే" అని సరిపెట్టుకోకండి. నా లెక్కలో మొదటి ముద్దాయి స్వాబ్ తీసిన చేయి, రెండోది స్వాబ్ తీసిన చోటు. ఆలస్యం మూడోది.

కావలసినవి

- సన్నటి ముక్కు స్వాబులు కనీసం 2, ఊపిరితిత్తులకు మామూలు స్వాబులు 2. మొన నైలాన్ లేదా పాలియెస్టర్‌ది, పుల్ల ప్లాస్టిక్‌ది ఉండాలి. చెక్క పుల్లవి, కాల్షియం ఆల్జినేట్ మొన ఉన్నవి వాడొద్దు, వాటిలోని పదార్థాలు పీసీఆర్‌ను అడ్డుకుంటాయి.
- వీటీఎం (ల్యాబ్‌కు చేరేదాకా వైరస్‌ను నిలిపి ఉంచే ద్రవం) ట్యూబులు, ఒక్కోదాంట్లో 2 నుంచి 3 మి.లీ. ద్రవం. ద్రవం రంగు మారినా, మసకగా ఉన్నా, గడువు తీరినా పక్కన పడేయండి.
- మూత గట్టిగా బిగిసే చిన్న సీసాలు (పీసీఆర్ కోసం ముక్కలు వేయడానికి), 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్ ఉన్న పెద్ద సీసాలు (మైక్రోస్కోప్ కింద చూడాల్సిన ముక్కలు పాడవకుండా ఉంచడానికి).
- స్టెరైల్ బ్లేడులు, ఫోర్సెప్స్. ఒకటి రెండు జతలు కాదు, ఒక్కో చోటికి ఒక్కో జత.
- గ్లవ్స్ బోలెడు, ఎన్95 మాస్క్, కళ్లద్దాలు లేదా ఫేస్ షీల్డ్, నీరు పట్టని గౌను.
- చెరగని పెన్ను, లేబుళ్లు, ఐస్ ప్యాకులున్న పెట్టె.

ఇంకొకటి ఎవరూ తెచ్చుకోనిది: ఒక ఖాళీ స్వాబ్, ఒక ఖాళీ వీటీఎం ట్యూబు. దేనికో 4వ మెట్టులో చెబుతాను.

1. ముందు కాగితాలు, ఆ తర్వాతే గ్లవ్స్

అనుమతి ఎవరిది కావాలో తేల్చుకోండి. మామూలు మరణమైతే దగ్గరి బంధువులది, పోలీసు కేసైతే విచారణ అధికారిది. అది లేకుండా తీసిన నమూనా ఎంత బాగున్నా చివరికి ఎందుకూ పనికిరాదు.

తర్వాత ఈ నాలుగు సంగతులు రాసి పెట్టుకోండి: లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి, చనిపోయింది ఎప్పుడు, శరీరం ఫ్రిజ్‌లోకి వెళ్లింది ఎప్పుడు, బతికుండగా ఏమైనా టెస్టు చేశారా. ఆఖరిదాన్ని దయచేసి వదలకండి. బతికుండగా సరిగ్గా తీసిన నమూనా ఇంకా ల్యాబ్ ఫ్రిజ్‌లో ఉంటే, మీరు ఇప్పుడు తీయబోయేదాని కంటే అదే మేలు కావచ్చు, ఫోన్ చేసి పారేయొద్దని చెప్పండి. ముక్కులో స్ప్రే చేసే ఫ్లూ టీకా ఈమధ్య వేయించుకున్నారేమో కూడా అడగండి. అందులో బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది, కొన్ని రోజులపాటు ఫ్లూ టెస్టు దానికే పాజిటివ్ చూపించగలదు.

లక్షణాలు మొదలైన తేదీ లేకపోతే రేపు వచ్చే నెగటివ్‌కు అర్థమే ఉండదు. 2 రోజుల జ్వరంతో పోయిన మనిషి నెగటివ్ వేరు, 22 రోజులు వెంటిలేటర్ మీద ఉండి పోయిన మనిషి నెగటివ్ వేరు.

2. శరీరాన్ని చల్లగా ఉంచండి, వీలైనంత త్వరగా తీయండి

24 గంటల్లోపు తీస్తే అన్నిటికంటే మంచిది. 3 రోజుల్లోపు అయినా, శరీరం 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండి ఉంటే పెద్దగా భయపడక్కర్లేదు. అంతకంటే ఆలస్యమైతే మానేయమని కాదు, తీయండి, కాకపోతే ఎన్ని గంటలైందో ఫారం మీద రాయండి. పాజిటివ్ వస్తే అది పనికొచ్చే సమాచారమే. నెగటివ్ వస్తే మాత్రం దాని విలువ తగ్గుతుంది.

ఎంబామింగ్ (శరీరం పాడవకుండా రసాయనం ఎక్కించడం) చేయబోతున్నారని తెలిస్తే దానికంటే ముందే తీసేయండి. ఎంబామింగ్ ద్రవంలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, అది ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేస్తుంది, ప్రోటీన్లతో ముడివేసేస్తుంది. ఆ తర్వాత తీసిన స్వాబ్ నెగటివ్ వస్తే దాన్ని నేను లెక్కలోకే తీసుకోను.

3. ముక్కు స్వాబ్: అందరూ తేలిక అనుకునేది, అందరూ తప్పు చేసేది

నోరు తెరిచి గొంతు స్వాబ్ తీద్దామనుకుంటారు కొందరు. మరణించిన కొన్ని గంటలకే దవడ బిగుసుకుంటుంది, బలవంతంగా తెరవబోతే పళ్లు విరగొచ్చు, నోటి చుట్టూ కొత్త గాయాలు అవ్వొచ్చు, పోలీసు కేసైతే వాటికి సంజాయిషీ మీరే చెప్పుకోవాలి. ముక్కు దారే మంచిది.

ముందు ముక్కులో ఏముందో చూడండి. నురగ, రక్తం, శరీరం పాడవుతుంటే వచ్చే ఎర్రటి ద్రవం, ఏదైనా ఉంటే గాజుగుడ్డతో ముక్కు ముందు భాగం మెల్లగా తుడవండి. దాన్ని తుడవకుండా స్వాబ్ పెడితే మొనంతా ఆ ద్రవమే పీల్చుకుంటుంది, లోపలి పొర కణాలు అంటుకోవు, పైగా రక్తం పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. తలకు దెబ్బ తగిలిన కేసైతే బయటి పరీక్ష, ఫొటోలు పూర్తయ్యాకే ముక్కులో చెయ్యి పెట్టండి.

ఇప్పుడు దిశ. శరీరం వెల్లకిలా ఉంది కదా, స్వాబ్ బల్లవైపు నిటారుగా కిందికి దిగాలి. బతికున్నవాళ్లను కూర్చోబెట్టి తీసిన అలవాటుతో చాలామంది చేతిని నుదుటివైపు పోనిస్తారు, అప్పుడది ముక్కు పైకప్పుకు తగిలి ఆగిపోతుంది, "లోపలి గోడ తగిలింది" అనుకుని తిప్పి తీసేస్తారు. ముక్కు రంధ్రం నుంచి చెవి రంధ్రం దాకా ఎంత దూరముందో స్వాబ్ పుల్ల మీద ముందే కొలిచి వేలితో పట్టుకోండి. కనీసం అందులో సగం దాటి లోపలికి పోయి, వెనక గోడ మెత్తగా తగలాలి. తగిలాక కొన్ని సెకన్లు అలాగే ఉంచండి, మెల్లగా తిప్పండి, తిప్పుతూనే బయటికి తీయండి. బతికున్న మనిషికి కళ్లలో నీళ్లొస్తాయి, తల వెనక్కి లాక్కుంటాడు, అదే మనకు సరిగ్గా వెళ్లిందనడానికి గుర్తు. ఇక్కడ ఆ గుర్తు ఉండదు, కొలతే గతి.

రెండు రంధ్రాల్లోంచీ తీయండి, రెండు స్వాబులనూ ఒకే ట్యూబులో వేయవచ్చు. మొన ద్రవంలో మునిగిందో లేదో చూసి పుల్లను గాటు దగ్గర విరిచి మూత బిగించండి.

చనిపోయిన మనిషి దగ్గడు, తుమ్మడు, కాబట్టి స్వాబ్ తీయడం వరకు గాలిలోకి తుంపర్లు ఎగిరే ప్రమాదం తక్కువ. కానీ శరీరాన్ని తిప్పేటప్పుడు, ఛాతీ మీద ఒత్తిడి పడినప్పుడు ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలి బయటికొస్తుంది. ఎముక కోసే రంపం పెట్టినప్పుడైతే తుంపర్లు బాగా లేస్తాయి. మాస్క్ మెడకు వేలాడేసుకుని పని చేయొద్దు.

4. ఊపిరితిత్తి నమూనా: అసలు జవాబు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది

ముక్కు ఒక్కటే చూసి వదిలేయకండి అని నేను ఇంతగా చెప్పడానికి కారణముంది. జబ్బు ముదిరేకొద్దీ చాలామందిలో వైరస్ ముక్కు, గొంతు నుంచి తగ్గిపోయి కింది భాగంలో మిగులుతుంది. రెండో వారం దాటి చనిపోయినవాళ్లలో ముక్కు నెగటివ్, ఊపిరితిత్తి పాజిటివ్ రావడం వింతేమీ కాదు.

శవపరీక్ష చేస్తున్నట్లయితే ఛాతీ తెరిచాక ఊపిరితిత్తులను బయటికి తీసి బల్ల మీద పెట్టకముందే, ఒక్కోదాని పైపొరను స్టెరైల్ బ్లేడుతో కోసి, ఆ కోతలోకి కొత్త స్వాబ్ దూర్చి తిప్పండి. కుడిదానికి ఒక ట్యూబు, ఎడమదానికి ఒక ట్యూబు. మధ్యలో గ్లవ్స్ మార్చండి, బ్లేడు మార్చండి. నేను కొత్తలో ఒకే బ్లేడుతో శ్వాసనాళం కోసి అదే బ్లేడుతో ఊపిరితిత్తి అంచు కోశాను, రెండూ పాజిటివ్ వచ్చాయి. ఊపిరితిత్తిలో నిజంగా వైరస్ ఉందా, శ్వాసనాళం నుంచి నా బ్లేడే మోసుకొచ్చిందా అని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

స్వాబ్‌తో పాటు బఠాణీ గింజంత ముక్క కోసి వీటీఎంలోనో, ల్యాబ్ వాళ్లిచ్చిన ఆర్‌ఎన్‌ఏ నిలువ ద్రవంలోనో వేయండి. ఫార్మలిన్‌లో మాత్రం వేయొద్దు. ఇది చదివి "ఆ మాత్రం తెలీదా" అనుకుంటారు, కానీ పక్కపక్కనే సీసాలు పెట్టుకుని తొందరలో ఉన్నప్పుడు చేయి ఎటు పోతుందో చెప్పలేం. ఫార్మలిన్ సీసాలను బల్లకు అవతలి వైపు పెట్టుకోండి.

ఇప్పుడు ఆ ఖాళీ స్వాబ్ సంగతి. పని మొదలుపెట్టే ముందు దాన్ని కవరులోంచి తీసి, మీ బల్లకు, శుభ్రం చేసి పెట్టిన పనిముట్లకు రాసి ట్యూబులో వేయండి, దానికీ లేబుల్ పెట్టి మిగతావాటితో పాటే పంపండి. అదే రోజు పొద్దున అదే బల్ల మీద పాజిటివ్ కేసు ఒకటి అయి ఉంటే ఈ ట్యూబు మీకు ప్రాణం పోస్తుంది. ఇది నెగటివ్ వచ్చి, మీ కేసు పాజిటివ్ వస్తే, కలుషితమైందన్న వాదన చాలావరకు నీరుగారిపోతుంది. ఇదే పాజిటివ్ వచ్చిందా, ఆ రోజు తీసిన అన్ని నమూనాలనూ అనుమానించాల్సిందే.

పనిముట్లను బ్లీచింగ్ ద్రావణంతో తుడిచి కడగకుండా వాడటం దీనికి పూర్తిగా వ్యతిరేక తప్పు. ఆ మిగిలిన బ్లీచ్ మీ నమూనాలోని ఆర్‌ఎన్‌ఏను కూడా నాశనం చేస్తుంది.

శవపరీక్షకు ఒప్పుకోకపోతే? రెండు దారులు ఉన్నాయి. శ్వాసనాళంలో ఆస్పత్రి వాళ్లు వేసిన గొట్టం ఇంకా ఉంటే దానిగుండా సన్నటి సక్షన్ గొట్టం దించి ద్రవం లాగొచ్చు, పోలీసు కేసైతే ఆ గొట్టం కదిలించే ముందు అడగండి. లేదంటే పక్కటెముకల మధ్య నుంచి బయాప్సీ సూదితో ముక్కలు తీయొచ్చు. కోయకుండా సూదితో నమూనాలు తీసే ఈ పద్ధతిని చిన్నపిల్లల మరణాల మీద పనిచేసే ఛాంప్స్ నెట్‌వర్క్ చాలా దేశాల్లో వాడుతోంది. సూదికి దొరికేది చిన్న ముక్క కాబట్టి ఒక్కచోట ఆగకుండా రెండు వైపులా కొన్నికొన్ని చోట్ల తీయాలి.

5. ఫార్మలిన్ ముక్కలు

పీసీఆర్ వైరస్ ఉందా లేదా చెబుతుంది. అది కణజాలాన్ని పాడుచేసిందా అన్నది మైక్రోస్కోపే చెప్పాలి. ఎవరికైనా టైం లేక ఏదో ఒక మెట్టు వదిలేయాల్సి వస్తే ఈ మెట్టే వదిలేస్తారు, తర్వాత దీని కోసమే తలపట్టుకుంటారు.

తీయాల్సినవి: శ్వాసనాళం పైభాగం, కిందిభాగం, కుడి ఎడమ పెద్ద శ్వాసనాళికలు, ఊపిరితిత్తి వేరు (శ్వాసనాళికలు, రక్తనాళాలు లోపలికి వెళ్లే చోటు) దగ్గరి భాగం, రెండు వైపులా అంచు భాగాలు. ఫ్లూ అనుమానం ఉంటే పెద్ద గొట్టాల ముక్కలు తప్పనిసరి, ఎందుకంటే ఫ్లూ వైరస్ యాంటిజెన్ (వైరస్ ప్రోటీన్) ఎక్కువగా ఆ గొట్టాల లోపలి పొరలోనే, అదీ జబ్బు మొదటి రోజుల్లో, అక్కడక్కడా మాత్రమే కనిపిస్తుంది. ఊపిరితిత్తి అంచు ముక్క ఒక్కటే పంపి "ఫ్లూ లేదు" అని తేల్చడం చెరువులో ఒక చెంబు నీళ్లు ముంచి చేపల్లేవన్నట్టు ఉంటుంది. గుండె కండరం ముక్క కూడా వేయండి, వైరస్‌లు అక్కడ కూడా మంట పుట్టించగలవు.

ముక్క మందం 4, 5 మిల్లీమీటర్లు దాటనివ్వకండి. ఫార్మలిన్ ముక్కకు 10 రెట్లు ఉండాలి. అరచేతిలో పట్టనంత ముక్కను చిన్న డబ్బాలో కుక్కితే పైన గట్టిపడుతుంది, లోపల కుళ్లుతుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో పారాఫిన్ బ్లాకులు (మైనంలో బిగించిన ముక్కలు) చేయించండి. ఫార్మలిన్‌లో వారాల తరబడి వదిలేస్తే ఆర్‌ఎన్‌ఏ మరీ చిన్న ముక్కలైపోతుంది, యాంటిజెన్ రంగు పరీక్షలు కూడా సరిగ్గా పట్టవు.

బ్లాకులను తక్కువగా చూడకండి. 1918 ఫ్లూతో చనిపోయిన సైనికుల ఊపిరితిత్తి ముక్కలు ఫార్మలిన్, పారాఫిన్‌లలో దాచినవి అమెరికా సైన్యపు పాథాలజీ సంస్థలో ఉండేవి. జెఫ్రీ టాబెన్‌బర్గర్ బృందం వాటిలోంచి వైరస్ జన్యు ముక్కలను రాబట్టి 1997లో ప్రకటించింది. అంటే దాదాపు 80 ఏళ్ల తర్వాత! కాకపోతే దొరికినవన్నీ చిన్నచిన్న తునకలే. అందుకే బ్లాకు మీద పీసీఆర్ అడిగేటప్పుడు, పొట్టి ముక్కను వెతికే పద్ధతి వాడుతున్నారా అని ల్యాబ్‌ను అడగండి. పొడవు ముక్క కోసం వెతికే కిట్ వాడితే వైరస్ ఉన్నా కనబడదు.

6. లేబుల్, పెట్టె, ప్రయాణం

ప్రతి ట్యూబు మీద పేరుతో పాటు ఇంకో గుర్తింపు సంఖ్య, తీసిన చోటు (కుడి, ఎడమ, ముక్కు), తేదీ, గంట. మూత మీద కాదు, ట్యూబు మీద రాయండి, మూతలు మారిపోతాయి. స్వాబులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య 72 గంటల వరకు ఉంటాయి. అంతకంటే ఆలస్యమైతే మైనస్ 70 డిగ్రీల కింద పెట్టాలి. మామూలు ఫ్రీజర్‌లో పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, ఇలా గడ్డకట్టించి కరిగించడం కంటే ఫ్రిజ్‌లో ఉంచి త్వరగా పంపడమే నయం. ఫార్మలిన్ సీసాలను ఐస్‌లో పెట్టక్కర్లేదు, గడ్డకట్టనివ్వకూడదు కూడా. ప్యాకింగ్ మూడు పొరలు: ట్యూబు, దాని చుట్టూ పీల్చే కాగితంతో కారని డబ్బా, ఆపైన గట్టి పెట్టె. కేటగిరీ బి నమూనాల గుర్తు యూఎన్ 3373 పైన ఉండాలి.

7. ల్యాబ్‌ను ఏమడగాలి

రిపోర్టులో "నెగటివ్" అనే మాట చూసి ఆగిపోకండి. ఫోన్ తీసి ఈ ప్రశ్నలు అడగండి, మొహమాటపడొద్దు.

కంట్రోల్ (టెస్టు సరిగ్గా నడిచిందో లేదో చూపించే తనిఖీ) పనిచేసిందా, అది ఏ రకం? చాలా కిట్లలో మనిషి జన్యువు (ఆర్‌నేస్ పీ) ఒకటి కంట్రోల్‌గా ఉంటుంది. అది కూడా రాకపోతే ఫలితం "నెగటివ్" కాదు, "చెల్లదు". స్వాబ్ మీద మనిషి కణాలే లేవన్నమాట, లేదా ఏదో పీసీఆర్‌ను అడ్డుకుందన్నమాట. ఇంకొన్ని కిట్లలో ల్యాబే బయటి నుంచి కలిపే కంట్రోల్ ఉంటుంది, అది యంత్రం, రసాయనాలు బాగున్నాయనే చెబుతుంది, మీ స్వాబ్ ముక్కు గోడను తాకిందో గాలిని తాకిందో దానికి తెలియదు. ఇక్కడ ఇంకో చిన్న మెలిక ఉంది. మనిషి జన్యువు కంట్రోల్ డీఎన్‌ఏను కూడా పట్టుకోగలదు. డీఎన్‌ఏ గట్టిది, ఆర్‌ఎన్‌ఏ సున్నితమైనది. బాగా పాడైన శరీరంలో కంట్రోల్ చక్కగా వచ్చినా వైరస్ ఆర్‌ఎన్‌ఏ చెడిపోయి ఉండొచ్చు. కాబట్టి కంట్రోల్ రాకపోతే టెస్టు కచ్చితంగా పోయినట్టు, వస్తే మాత్రం కచ్చితంగా బాగున్నట్టు కాదు.

రక్తం, కుళ్లు ద్రవాలు అడ్డుపడ్డాయని అనుమానముంటే, తీసిన ఆర్‌ఎన్‌ఏను 10 రెట్లు పలుచన చేసి మళ్లీ నడపమని అడగండి. అడ్డుపడేవి పలుచబడి, అంతకుముందు కనబడని వైరస్ బయటపడటం ఉంది.

ఏయే వైరస్‌లు వెతికారు? ఒక్క కరోనాకే చేసి "శ్వాసకోశ వైరస్ లేదు" అని రాసిన రిపోర్టులు చూశాను. ఫ్లూ ఎ, బి, ఆర్‌ఎస్‌వీ, మెటాన్యూమో, అడినో, పారాఇన్‌ఫ్లూయెంజా వీటి సంగతేంటి?

యాంటిజెన్ కిట్ వాడారా? 15 నిమిషాల ర్యాపిడ్ కిట్లు తయారైంది బతికున్న, లక్షణాలున్న మనుషుల కోసం. చనిపోయినవాళ్లలో వైరస్ ఎక్కువగా ఉంటే అవీ పాజిటివ్ చూపిస్తాయి, తక్కువగా ఉంటే వదిలేస్తాయి. పాజిటివ్ వస్తే పీసీఆర్‌తో ఖాయం చేసుకోండి, నెగటివ్ వస్తే దాన్ని పక్కన పెట్టి పీసీఆర్ చేయించండి.

8. రిపోర్టు చదవడం

ముందు సీటీ విలువ గురించి, ఎందుకంటే ఇంట్లోవాళ్లు కూడా దీన్నే పట్టుకుని టెన్షన్ పడతారు. యంత్రం ఎన్ని సార్లు రెట్టింపు చేశాక వైరస్ కనబడిందో అదే సీటీ. తక్కువ అంకె అంటే ఎక్కువ వైరస్. సుమారు 3.3 తేడా వస్తే 10 రెట్ల తేడా అనుకోండి, అంటే సీటీ 20కి, 30కి మధ్య దాదాపు 1000 రెట్లు. అయితే ఒక ల్యాబ్ 24ను ఇంకో ల్యాబ్ 27తో పోల్చకండి, కిట్ మారితే అంకె మారుతుంది, స్వాబ్ ఎంత గట్టిగా తిప్పారన్నదాన్ని బట్టీ మారుతుంది. ఒకే శరీరం, ఒకే ల్యాబ్, ఒకే రోజు అయితే ముక్కుకూ ఊపిరితిత్తికీ పోల్చి చూసుకోవచ్చు. ముక్కు 34, ఊపిరితిత్తి 21 వస్తే కథ కింద జరిగిందని తెలుస్తుంది.

ఇక నాలుగు పరిస్థితులు.

ముక్కు, ఊపిరితిత్తి రెండూ పాజిటివ్, మైక్రోస్కోప్‌లో కూడా వైరస్ చేసిన నష్టం ఉంది. దీనికి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఒక్క మాట మాత్రం: బాక్టీరియా కూడా వెతికారా? 1918లో చనిపోయినవాళ్లలో ఎక్కువమందిని చివరికి తీసుకెళ్లింది ఫ్లూ తర్వాత వచ్చిన బాక్టీరియా న్యుమోనియాయే. చనిపోయాక చేసిన కల్చర్‌లో నాలుగైదు రకాలు కలగలిసి పెరిగితే అది సాధారణంగా మరణం తర్వాతి కలుషితమే, ఒకే రకం బాగా పెరిగి ఊపిరితిత్తిలో చీము కూడా ఉంటే పట్టించుకోవాలి.

ముక్కు పాజిటివ్, ఊపిరితిత్తి నెగటివ్, మైక్రోస్కోప్‌లో ఏమీ లేదు. మెట్ల మీద నుంచి పడిన మనిషిది ఈ గుంపే. వైరస్ ఉంది, చంపింది అది కాదు. ముఖ్యంగా మామూలు జలుబు తెచ్చే రైనో వైరస్ విషయంలో జాగ్రత్త. ఏ లక్షణాలూ లేని ఆరోగ్యమైన పిల్లల ముక్కుల్లోనే అది తరచూ దొరుకుతుంది, పిల్లల్లో కనిపించే ఇంకో శ్వాసకోశ వైరస్ బోకా, జబ్బు తగ్గాక కూడా నెలల తరబడి దొరకొచ్చు. నిద్రలో హఠాత్తుగా పోయిన పసిబిడ్డ స్వాబ్‌లో రైనో వచ్చిందని "కారణం దొరికింది" అని తల్లిదండ్రులకు చెప్పేయకండి. ఆ మాటను తర్వాత వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ముక్కు నెగటివ్, ఊపిరితిత్తి పాజిటివ్. ముందు కలుషితం కాలేదని 4వ మెట్టులో చెప్పిన ఖాళీ స్వాబ్‌తో తేల్చుకోండి, తర్వాత లక్షణాల తేదీ చూడండి. రెండు మూడు వారాల జబ్బైతే ఇది నమ్మదగిన ఫలితమే.

రెండూ నెగటివ్, కానీ ఊపిరితిత్తి గట్టిగా ఉంది. మొట్టమొదట వచ్చిన ప్రశ్న ఇదే. వరసగా చూసుకోండి: (7వ మెట్టులో చెప్పిన) కంట్రోల్ వచ్చిందా, పలుచన చేసి నడిపారా, అన్ని వైరస్‌లూ వెతికారా, లక్షణాలు మొదలై ఎన్ని రోజులైంది. గాలిగదుల లోపల గులాబీ రంగు పొరలు కనిపిస్తే అది ఊపిరితిత్తి దెబ్బతిన్న తొలి దశ, సుమారుగా మొదటి వారం. ఆ దశలో వైరసే కారణమైతే సాధారణంగా దొరకాలి, దొరకలేదంటే నమూనాను అనుమానించండి, లేదా వేరే కారణం వెతకండి. రక్తంలో ఇన్ఫెక్షన్, మందులు, పొట్టలోది ఊపిరితిత్తిలోకి పోవడం, ఇవన్నీ ఇలాంటి నష్టమే చేస్తాయి. గాలిగదుల్లో నార కణజాలం పెరిగి మచ్చకడుతున్న దశ కనిపిస్తే మాత్రం, వైరస్ వచ్చి తన పని చేసి వెళ్లిపోయి ఉండవచ్చు, ఇప్పటి నెగటివ్ దాన్ని కొట్టిపారేయలేదు. అలాంటప్పుడు బతికుండగా వచ్చిన పాజిటివే ఆధారం.

9. కాలాన్ని బట్టి నమ్మకం మారుతుంది

ఇది కొంచెం లెక్క, కాఫీ తాగుతూ చదవండి. ఊహించిన అంకెలతో చూద్దాం. టెస్టు 100 మంది నిజమైన రోగుల్లో 90 మందిని పడుతుందనుకోండి, వైరస్ లేని 100 మందిలో ఒకరికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుందనుకోండి.

వైరస్ విజృంభించిన రోజుల్లో 1000 శరీరాలు వస్తే అందులో 200కి వైరస్ ఉందనుకుందాం. 180 దొరుకుతాయి, 20 తప్పిపోతాయి. మిగతా 800లో 8 తప్పుడు పాజిటివ్‌లు. అంటే వచ్చిన 188 పాజిటివ్‌లలో 8 మాత్రమే అబద్ధం. అదే వైరస్ దాదాపు లేని నెలల్లో 1000లో 10కే ఉందనుకోండి, 9 దొరుకుతాయి, మిగిలిన 990లో సుమారు 10 తప్పుడు పాజిటివ్‌లు. అదే యంత్రం, అదే టెక్నీషియన్, కానీ ఇప్పుడు పాజిటివ్‌లలో సగానికి పైగా అబద్ధం. కాబట్టి వైరస్ లేని కాలంలో సీటీ 37తో ఒంటరి పాజిటివ్ వస్తే, అదే నమూనా నుంచి కొత్తగా ఆర్‌ఎన్‌ఏ తీసి, వైరస్‌లోని వేరే జన్యువును వెతికే కిట్‌తో మళ్లీ చేయించండి. ఉద్ధృతి కాలంలో ఇదే జాగ్రత్తను నెగటివ్‌ల మీద చూపించండి.

10. మరణ పత్రంలో రాయడం

మొదటి భాగంలో చావుకు దారితీసిన వరస రాయాలి, కింది గీతలో మూలకారణం. రెండో భాగంలో తోడైన జబ్బులు. వైరస్ దొరికింది కదా అని మొదటి భాగంలోకి నెట్టకండి, మెట్ల మీద నుంచి పడిన మనిషికి అది రెండో భాగంలో కూడా అక్కర్లేకపోవచ్చు. అలాగే టెస్టు నెగటివ్ అయినంత మాత్రాన వైరస్ మాట ఎత్తకూడదనీ లేదు. అంతర్జాతీయ జబ్బుల వర్గీకరణ పదో కూర్పులోనే ఈ తేడాకు చోటిచ్చారు: వైరస్ గుర్తించిన కోవిడ్‌కు యూ07.1, గుర్తించకపోయినా డాక్టర్ నిర్ధారించినదానికి యూ07.2. మామూలు ఫ్లూకు కూడా అంతే, వైరస్ దొరికితే జే10, దొరక్కపోతే జే11.

రిపోర్టు వాక్యం ఎలా ఉండాలని అడుగుతారు, నేనైతే ఇలా రాస్తాను: "మరణించిన 30 గంటలకు తీసిన ముక్కు స్వాబ్‌లో ఇన్‌ఫ్లూయెంజా ఎ ఆర్‌ఎన్‌ఏ కనబడలేదు, కంట్రోల్ సరిగ్గా ఉంది, కుడి, ఎడమ ఊపిరితిత్తి స్వాబుల్లో కనబడింది, శ్వాసనాళికల లోపలి పొర ఊడిపోయి ఉంది." ఎప్పుడు, ఎక్కడి నుంచి, ఏది, కంట్రోల్ ఏమైంది, కణజాలం ఏమంటోంది, అంతే. "వైరస్ లేదు" అని రాయను, "కనబడలేదు" అని రాస్తాను.

కణజాలం రిపోర్టు ఇంకా రాలేదా, అయితే కారణం దగ్గర "పరీక్షలు పూర్తి కావాల్సి ఉంది" అని రాసి, వచ్చాక సవరించండి. తొందరపెట్టేవాళ్లు ఉంటారు, పెట్టనివ్వండి. అప్పటిదాకా మిగిలిన ట్యూబులను మైనస్ 70లో ఉంచమని, బ్లాకులు పారేయొద్దని ల్యాబ్‌కు ఫోన్‌లో కాదు, కాగితం మీద రాసి ఇవ్వండి.